రెస్టారెంట్‌లో స్మోకింగ్ రూమ్ కట్టాలా, సిగరెట్ పూర్తిగా ఆపేయాలా?

బెజవాడ_వడ్డన (ప్రశ్న)

నమస్కారమండీ. విజయవాడలో మొదటి అంతస్తులో మాది బార్ అండ్ రెస్టారెంట్. ఏసీ హాల్లో 54 సీట్లు, టెర్రస్ మీద రేకుల షెడ్డు కింద ఇంకో 20. హాల్లో సిగరెట్ వద్దంటాం, టెర్రస్ మీద మాత్రం చూసీ చూడనట్టు ఉంటాం. దాంతో ఫ్యామిలీలు టెర్రస్ ఎక్కడం మానేశాయి. ఆ పొగ మెట్ల మీదుగా హాల్లోకీ దిగుతోంది.

మా పార్ట్‌నర్ ఒక ప్లాన్ చెబుతున్నారు. లిఫ్ట్ పక్కన 10 × 12 అడుగుల జాగాలో ఏడడుగుల ఎత్తు గాజు పార్టిషన్, ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ, గోడకు 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్, లోపల నాలుగు హై టేబుళ్లు. మందు, స్టార్టర్లు అక్కడికే పంపాలని ఆయన ఉద్దేశం. నాకైతే మొత్తం ఆపేయాలని ఉంది. ఆపేస్తే సాయంత్రం బ్యాచ్‌లన్నీ పక్క బార్‌కి పోతాయని ఆయన భయం.

ఈ ప్లాన్ చట్టానికి నిలుస్తుందా? నిలిచినా పొగ నిజంగా ఆ గదిలోనే ఉంటుందా? ఆపేస్తే గొడవ లేకుండా ఎలా అమలు చేయాలి? లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

నల్లకోటు_గుంటూరు

చట్టం సంగతి నేను చెబుతాను. మీ పార్ట్‌నర్ గారి ప్లాన్ ఇప్పుడున్న రూపంలో నిలవదు.

మూలం 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం, అందరూ కోట్పా అంటారు. సెక్షన్ 4 బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. అందులోనే ఒక మినహాయింపు ఉంది: 30 గదులు, అంతకు మించిన హోటల్, 30 మంది, అంతకు మించి కూర్చునే రెస్టారెంట్, విమానాశ్రయం, ఈ మూడు చోట్ల వేరుగా స్మోకింగ్ ఏరియా పెట్టుకోవచ్చు. మీకు 54 సీట్లు కాబట్టి ఆ వెసులుబాటు ఉంది. 29 సీట్ల టిఫిన్ సెంటర్‌కి అది కూడా లేదు.

అయితే ఆ గది ఎలా ఉండాలో 2008 అక్టోబర్ 2 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు చెబుతాయి. నాలుగు వైపులా పూర్తి ఎత్తు గోడలుండాలి. తలుపు దానంతటదే మూసుకోవాలి, మామూలుగా మూసే ఉండాలి. లోపలి గాలి నేరుగా బయటికి పోవాలి, భవనంలోని మిగతా గాలితో కలవకూడదు. మిగతా భవనంతో పోలిస్తే ఆ గదిలో గాలి పీడనం తక్కువగా ఉండాలి. ప్రవేశ ద్వారం దగ్గర, బయటికి పోయే దారి దగ్గర పెట్టకూడదు. మీరు చెప్పిన లిఫ్ట్ పక్క జాగా ఇక్కడే పోయింది. ఏడడుగుల పార్టిషన్ అంతకు ముందే పోయింది.

అసలు దెబ్బ ఇంకొకటి. ఆ గదిని పొగ తాగడానికి తప్ప దేనికీ వాడకూడదు, ఏ సర్వీసూ ఇవ్వకూడదు. అంటే మందూ లేదు, చికెన్ 65 కూడా లేదు. 2017లో చేసిన సవరణతో హుక్కా లాంటి పరికరాలు కూడా అక్కడ పెట్టకూడదని స్పష్టం చేశారు. మీ హై టేబుళ్ల ఆలోచన ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతుంది.

టెర్రస్ గురించి చాలామంది పొరబడతారు. పైన ఆకాశం కనిపిస్తే చాలు, తాగొచ్చనుకుంటారు. ఆ నిబంధనల్లో రెస్టారెంట్ అంటే దాని చుట్టూ ఉన్న ఖాళీ స్థలం కూడా కలిసే వస్తుంది. పబ్, బార్, బాంకెట్ హాల్, క్యాంటీన్ అన్నీ అందులోనివే. మీ రేకుల షెడ్డు కూడా రెస్టారెంటే.

బాధ్యత విషయానికొస్తే, తాగినవాడికి రూ. 200 వరకు జరిమానా. ఓనర్, మేనేజర్, సూపర్‌వైజర్, ఎవరు ఇన్‌ఛార్జ్‌గా ఉంటే వాళ్లు, ఫిర్యాదు వచ్చినా పట్టించుకోకపోతే ఎన్ని ఉల్లంఘనలు జరిగాయో అన్నిటికీ సమానమైన జరిమానా కట్టాలి. ఏడుగురు తాగుతుంటే ఏడు రెండొందలు. సొమ్ము చిన్నదే. కానీ తనిఖీకి వచ్చిన అధికారి రాసే కాగితం చిన్నది కాదు, బార్ లైసెన్స్ ఉన్నవాళ్లు దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

బోర్డు కొలత కూడా నిర్ణయించారు. కనీసం 60 × 30 సెంటీమీటర్లు, తెల్లటి నేపథ్యం. 15 సెంటీమీటర్లకు తగ్గని వృత్తం, దాని అంచు 3 సెంటీమీటర్ల ఎర్ర పట్టీ, మధ్యలో పొగ వస్తున్న సిగరెట్ లేదా బీడీ బొమ్మ, దాని మీదుగా అడ్డంగా అంతే వెడల్పు ఎర్ర గీత. ప్రతి ప్రవేశం దగ్గర, లోపల కనిపించే చోట, ప్రతి అంతస్తులో, మెట్ల దగ్గర, లిఫ్ట్ ముందు ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో ఆ మనిషి పేరు కూడా రాయాలి. చాలా హోటళ్లలో బోర్డు ఉంటుంది, ఈ పేరు మాత్రం ఉండదు. యాష్‌ట్రే, అగ్గిపెట్టె, లైటర్ ఏదీ టేబుల్ మీదికి ఇవ్వకూడదు.

డక్ట్_లెక్కలు

నల్లకోటు గారు కాగితం మీద ఏముండాలో చెప్పారు. గాలి ఆ కాగితం ప్రకారం నడవాలంటే ఎంత కావాలో నేను చెబుతాను.

ముందు పార్టిషన్. ఏడడుగులే కాదు, ఫాల్స్ సీలింగ్ దాకా కట్టినా సరిపోదు. సీలింగ్ పైన ఖాళీ అంతా ఒకటే. హాల్ ఏసీ రిటర్న్ గాలిని అక్కణ్ణుంచే లాగుతుంటే, గదిలో పొగ టైల్స్ సందుల్లోంచి పైకెళ్లి హాల్లోకి చల్లగా దిగుతుంది. గోడ శ్లాబ్‌కి తగలాలి, కేబుళ్లు, పైపులు దూరే రంధ్రాలన్నీ సీల్ చేయాలి.

స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది, చుక్క తాజా గాలి తేదు. పొగ చల్లబడుతుంది, అంతే. కొన్నాళ్లకు కాయిల్ మీద నికోటిన్ జిగురు పట్టి, ఏసీ వేసిన ప్రతిసారీ వాసన కొడుతుంది.

ఎంత గాలి బయటికి తోయాలి? అమెరికాలో ఏసీ, వెంటిలేషన్ ఇంజినీర్ల సంఘం ఆష్రే పాత ప్రమాణం స్మోకింగ్ లాంజ్‌కి మనిషికి 60 సీఎఫ్ఎం (అంటే నిమిషానికి 60 ఘనపుటడుగుల గాలి) అనేది. ఎనిమిది మందికి 480. మీ గది 10 × 12, ఎత్తు 10 అనుకుంటే 1,200 ఘనపుటడుగులు. అంటే గంటకు 24 సార్లు గదిలో గాలి మొత్తం మారాలి. 9 అంగుళాల గోడ ఫ్యాన్ డబ్బా మీద ఏం రాసినా, అది ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటి లెక్క. పది పదిహేను అడుగుల డక్ట్, రెండు వంపులు, చివర జాలీ తగిలించారంటే ఆ రెక్కల ఫ్యాన్ గాలిని తొయ్యలేక అక్కడే తిరుగుతుంది. సెంట్రిఫ్యూగల్ ఇన్‌లైన్ ఫ్యాన్ కావాలి, 10 అంగుళాల రౌండ్ డక్ట్ కావాలి. డక్ట్ చివర కిటికీలకు, తలుపులకు, ఏసీ గాలి తీసుకునే చోటుకు కనీసం 25 అడుగుల దూరంలో తెరుచుకోవాలి. పక్క ఫ్లాట్ బాల్కనీ వైపు తిప్పితే వారంలో గొడవ మొదలవుతుంది.

బయటికి పంపిన 480కి బదులు గాలి ఎక్కణ్ణుంచో రావాలి. తలుపు కింది భాగంలో హాల్ గాలి లోపలికి వచ్చేలా గ్రిల్ పెడతారు. పీడన తేడా 5 పాస్కల్ దగ్గర ఉండాలంటే ఆ గ్రిల్‌లో నిజమైన ఖాళీ సుమారు 1.3 చదరపు అడుగులు. అంతకంటే పెద్దది పెడితే తేడా పడిపోతుంది, చిన్నది పెడితే ఫ్యాన్‌కి గాలి అందక 480 రాదు.

ఇంతా చేశాక కూడా అసలు సమస్య తలుపే. 3 × 7 తలుపు తెరిస్తే 21 చదరపు అడుగుల కన్నం. 480 సీఎఫ్ఎం దాన్లోంచి వెళ్తే గాలి వేగం నిమిషానికి 23 అడుగులు. మనిషి నడక నిమిషానికి 200 అడుగుల పైమాటే. లోపల్నుంచి బయటికొచ్చే ప్రతివాడూ వీపు వెనకాల ఒక పొగ తెరను హాల్లోకి లాక్కొస్తాడు, ఆ గాలి దాన్ని ఆపలేదు. హాల్ వైపు తెరుచుకునే తలుపైతే ఇంకా ఘోరం, పొగను తోడి పోసినట్టే. స్లైడింగ్ తలుపు కొంత నయం. ఎనిమిది మంది గది అంటే సాయంత్రం ఆ తలుపు మూసి ఉండే నిమిషాలు తక్కువ.

కరెంటు: రోజంతా 480 సీఎఫ్ఎం చల్లటి గాలిని బయట పారబోస్తున్నారు. దాని స్థానంలో వచ్చే బెజవాడ ఉక్క గాలిని చల్లబరచడానికి సుమారు రెండు టన్నుల అదనపు లోడ్. పది గంటలకు 20 నుంచి 25 యూనిట్లు, ఫ్యాన్ కరెంటు కాక. 120 చదరపు అడుగులంటే ఎనిమిది సీట్ల జాగా కూడా.

ఎయిర్ ప్యూరిఫయర్ పెడతామని ఎవరైనా అమ్మడానికొస్తే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. హెపా ఫిల్టర్ రేణువుల్ని పడుతుంది. కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్ లాంటి వాయువులు దాన్లోంచి దర్జాగా బయటికొస్తాయి. బొగ్గు ఫిల్టర్ కొన్ని వాయువుల్ని పట్టినా స్మోకింగ్ రూమ్‌లో తొందరగా నిండిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ దానికీ చిక్కదు.

నా సలహా అడిగితే కట్టొద్దు. మద్రాసులో, బెంగళూరులో పెద్ద హోటళ్ల గదులు కాస్త పనిచేస్తున్నాయంటే వాటికి మెయింటెనెన్స్ ఇంజినీరు ఉంటాడు, నెలనెలా పీడనం కొలుస్తాడు. 54 సీట్ల చోట ఆ పని ఎవరిదీ కాదు.

ఓరుగల్లు_బార్

అన్నా, లెక్కలు మంచిగనే ఉన్నయి. కానీ గల్లా పెట్టె దగ్గర కూర్చునేటోని మాట కూడా వినాలె.

మందు తాగేటోళ్లల్ల చానామందికి చేతిల సిగరెట్ ఉండాలె. రెండో పెగ్గు తర్వాత కిందికి దిగి పొమ్మంటే, దిగినోడు మళ్లీ ఎక్కుతడన్న గ్యారంటీ లేదు. ఒక్కడు లేస్తే నలుగురు లేస్తరు. టేబుల్ మీద మాట ఆగుతది, ఆర్డర్ ఆగుతది. వైన్ షాప్ పక్కన పర్మిట్ రూములల్ల నిలబడి తాగుతరు, అక్కడ పొగకు అడ్డేలేదు. పక్క బార్ల ఎవ్వరూ అడగరు. రూల్ పాటించేటోడు ఒక్కడే నష్టపోతడు, పాటించనోనికి రెండొందల ఫైన్. ఇది న్యాయమా?

ఇంకో మాట. పెద్దమనిషి తన పైసలతోని, తన ఇష్టంతోని తాగుతుండు. పిల్లలు రాని చోట, బయట పెద్ద బోర్డు పెట్టి ‘ఇక్కడ పొగ ఉంటది, ఇష్టమైతేనే రండి’ అని చెప్తే తప్పేంది? ఫ్యామిలీ హాల్ల పూర్తిగా బందు పెట్టండి, దానికి నేను ఒప్పుకుంట. బార్ హాల్‌ను, డాబా మీద జాగను వేరే చూడాలె. సర్కారు గది కట్టుకోమన్నది, కట్టినంక అండ్ల గ్లాసు పెట్టద్దన్నది. అట్లాంటి గదిల ఎవడు నిలబడతడు? ఇచ్చిన మినహాయింపుకు అర్థమే లేకుండ పోయింది.

హుక్కా సంగతి వేరు. 2024 ఫిబ్రవరిల తెలంగాణ అసెంబ్లీ హుక్కా పార్లర్లు బంద్ చేస్తూ బిల్లు పాస్ చేసింది, దానికి నేను మద్దతే. అవి కాలేజీ పిల్లల కోసం పెట్టిన దుకాణాలు.

ఊపిరి_వైజాగ్

ఓరుగల్లు గారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. కానీ అందులో ఒక మనిషి కనిపించడం లేదు. ‘ఇష్టమైతేనే రండి’ అన్న బోర్డు కస్టమర్‌కి. ఆ హాల్లో పది గంటల షిఫ్ట్ చేసే కుర్రాడికి ఆ బోర్డు ఏం చెబుతుంది? కస్టమర్ గంటన్నర కూర్చుని వెళ్లిపోతాడు. సర్వర్ మాత్రం వారానికి ఆరు రోజులు, ప్రతి టేబుల్ దగ్గరా వంగి, ఆ పొగ మొహం మీదికొస్తుండగా ఆర్డర్ రాసుకుంటాడు. అతను జీతం కోసం ఒప్పుకుంటున్నాడు. దాన్ని ఇష్టం అనలేం.

ఇంకో సంగతి కూడా చూడాలి. పీల్చి వదిలే పొగ కన్నా, యాష్‌ట్రేలో పెట్టిన సిగరెట్ కొన నుంచి లేచే పొగే గదిలో ఎక్కువ చేరుతుంది. అది తక్కువ వేడిలో, సరిగా కాలకుండా, ఏ ఫిల్టర్ గుండా పోకుండా వస్తుంది కాబట్టి చాలా విషపదార్థాలు అందులో ఎక్కువే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లో ప్రచురించిన గ్రంథంలో, పక్కవాడి పొగ పీల్చడాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలోనే చేర్చింది. 2006లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక ఇంకో అడుగు ముందుకేసి, ఇంతవరకు పీల్చినా ప్రమాదం లేదనే మోతాదు లేదని, గాలి శుద్ధి, వెంటిలేషన్, వేరే సీట్లు ఏవీ పూర్తి రక్షణ ఇవ్వవని చెప్పింది. గుండె విషయంలో కాసేపటి పొగ కూడా లెక్కే, రక్తనాళాల మీద దాని ప్రభావం నిమిషాల్లోనే మొదలవుతుంది.

మన దేశంలో 2016-17 పొగాకు సర్వే ప్రకారం ఇండోర్‌లో పనిచేసే పెద్దవాళ్లలో 30.2 శాతం మంది పనిచోట పక్కవాళ్ల పొగ పీలుస్తున్నారు. ఈ సంఖ్యలో మన సర్వర్లు, క్యాషియర్లు, కిచెన్ హెల్పర్లు ఉన్నారు.

వ్యాపారం పడిపోతుందన్న మాట ప్రతి దేశంలోనూ వినిపించింది. 2003లో ఒక వైద్య పత్రిక అప్పటిదాకా వచ్చిన 97 అధ్యయనాలను పక్కపక్కన పెట్టి చూసింది. పన్ను వసూళ్లు, అమ్మకాల రికార్డుల మీద ఆధారపడి పద్ధతిగా చేసినవి నష్టం చూపించలేదు. నష్టం చూపించినవాటికి చాలావరకు పొగాకు కంపెనీల డబ్బుతోనో, వాటి అండతోనో సంబంధం ఉంది. అయితే అవన్నీ ఊరంతా ఒకేసారి ఆపిన చోట్ల లెక్కలు. ఒక్క బార్ ఆపి, పక్కది ఆపకపోతే ఏమవుతుందన్న మీ బాధకు అవి పూర్తి జవాబు కావు. అందుకే నేను అడిగేది మినహాయింపు పెంచమని కాదు, అందరి మీదా ఒకేలా అమలు చేయమని. 2020 చివర్లో కేంద్రం ఒక ముసాయిదా సవరణ బయటపెట్టింది. హోటళ్లలో, రెస్టారెంట్లలో స్మోకింగ్ ఏరియాలు తీసేయాలని, జరిమానా రూ. 2,000 చేయాలని అందులో ఉంది. అది చట్టం కాలేదు. కర్ణాటక మాత్రం తన వరకు సవరించుకుని జరిమానాను రూ. 1,000కి పెంచింది.

లిఫీ_ఒడ్డున

ఐర్లాండ్ సంగతి నేను చేరుస్తాను, పబ్బుల దేశం కాబట్టి ఈ చర్చకు బాగా పనికొస్తుంది. 2004 మార్చి 29న దేశం మొత్తం పనిచేసే చోట్లన్నిటా, పబ్బులతో సహా, ఒకే రోజు ఆపేశారు. ప్రపంచంలో ఒక దేశం అంతటా అలా చేయడం అదే మొదలు. చట్టాన్ని ఉద్యోగి ఆరోగ్యం పేరుతోనే తెచ్చారు, కస్టమర్ పేరుతో కాదు. జరిమానా ఓనర్ మీద 3,000 యూరోల దాకా ఉండేది.

ఓరుగల్లు అన్న అడిగిన డాబా ప్రశ్నకు అక్కడ కొలతతో జవాబుంది. పైకప్పు లేని చోట తాగొచ్చు. పైకప్పు ఉంటే, చుట్టుకొలతలో సగానికి మించి గోడ ఉండకూడదు. కాన్వాస్ దించినా గోడ కిందే లెక్క. మన నిబంధనల్లో ఇలాంటి కొలత లేదు, చుట్టూ ఉన్న ఖాళీ స్థలం అంతా రెస్టారెంటే. కాబట్టి ఐరిష్ పద్ధతి చూసి టెర్రస్ మీద కుర్చీలు వేయకండి.

నిషేధానికి ముందూ తర్వాతా బార్ సిబ్బంది లాలాజలంలో కొటినిన్ కొలిచారు, నికోటిన్ శరీరంలో మారగా మిగిలేది అదే. సిగరెట్ తాగని సిబ్బందిలో అది సుమారు 80 శాతం పడిపోయింది. అదే బార్లు, అదే కౌంటర్లు, పొగ ఒక్కటే లేదు.

బెజవాడ_వడ్డన

అందరికీ ధన్యవాదాలండీ. సర్వీస్ లేని గది అన్నాక పార్ట్‌నర్ కూడా మెత్తబడ్డారు. గది ఆలోచన మానేస్తున్నాం, టెర్రస్ మీదా ఆపేస్తాం. ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఒకటి, రాత్రి తొమ్మిదింటికి నాలుగో పెగ్గు మీదున్న బ్యాచ్‌కి ఎలా చెప్పాలి? రెండు, టెర్రస్ మెట్ల తలుపు మూసినా హాల్లో పొగ వాసన వస్తోంది, అదెందుకు?

కెప్టెన్_సర్వీస్

మొదటిదానికి నేను చెబుతానండీ.

చెప్పాల్సింది అంటించాక కాదు, అంతకు ముందు. ప్యాకెట్ జేబులోంచి తీసి టేబుల్ మీద పెడతారు, లైటర్ వేళ్ల మధ్య తిప్పుతుంటారు. అప్పుడే వెళ్లాలి. అంటించాక చెబితే నలుగురి ముందు పరువు సంగతి అవుతుంది, ముందే చెబితే సమాచారం అవుతుంది. చెప్పేది కొత్త సర్వర్ కాకూడదు, కెప్టెన్ గాని మేనేజర్ గాని వెళ్లాలి. టేబుల్ మొత్తానికి వినిపించేలా కాదు, ఆ మనిషి పక్కన వంగి: “సార్, పైనా కిందా ఎక్కడా సిగరెట్ కుదరదండి. గేటు బయట తాగి రండి, మీ టేబుల్ ఇలాగే ఉంచుతాం, గ్లాసు మీద మూత పెడతాం.” ‘రూల్ సార్’ అని మొదలుపెట్టకండి, అక్కడే వాదన మొదలవుతుంది. తిరిగి వస్తే సీటు, గ్లాసు అలాగే ఉంటాయన్న భరోసా ముఖ్యం. గ్లాసు చేత పట్టుకుని రోడ్డు మీదికి దిగనివ్వద్దు, అది ఇంకో కేసు.

అప్పటికే అంటించి ఉంటే ఒక స్టీల్ గిన్నెలో కాసిని నీళ్లు పోసి తీసుకెళ్లండి. ‘ఆర్పేయండి’ అని ఉత్త చేతులతో అడిగితే ఎక్కడ ఆర్పాలో తెలియక ప్లేట్లోనో నేల మీదో నలుపుతారు. గిన్నె పట్టుకుని నిలబడితే చాలామంది మాట లేకుండా ముంచేస్తారు. ఆ గిన్నెను వెంటనే తీసేయండి, టేబుల్ మీద ఉంచితే అదే యాష్‌ట్రే.

ఓరుగల్లు గారు చెప్పిన ‘ఒక్కడు లేస్తే నలుగురు లేస్తరు’ నిజం. దానికి కిచెన్‌తో కలిసి పని చేయాలి. ఒక సిగరెట్‌కి ఐదారు నిమిషాలు, మెట్లు దిగి ఎక్కడానికి ఇంకో రెండు. టేబుల్ లేవగానే కేఓటీ (వంటింటికి పంపే ఆర్డర్ చీటీ) మీద హోల్డ్ రాసి వంటింటికి చెప్పండి. వాళ్లు కూర్చున్న నిమిషంలో వేడివేడిగా వస్తే మళ్లీ ఆర్డర్ నడుస్తుంది. లేని సమయంలో బిర్యానీ తెచ్చి పెడితే చల్లారిపోయి, గొడవ సిగరెట్ మీంచి తిండి మీదికి మళ్లుతుంది. బిల్లు ఎగ్గొడతారన్న అనుమానం ఉన్న బ్యాచ్‌కి ఆ రౌండ్ వరకు బిల్లు క్లోజ్ చేయండి, కొత్త రౌండ్‌కి కొత్త బిల్లు.

రెండుసార్లు చెప్పినా వినకపోతే మూడోసారి సర్వీస్ ఆపి బిల్లు పెట్టండి. చెయ్యి వేయొద్దు, సిగరెట్ లాక్కోవద్దు. జరిమానా రాయడం మన పని కాదు, అది అధికారుల పని. మనం చేయాల్సింది ఆపడం, రాసుకోవడం. కౌంటర్ దగ్గర ఒక రిజిస్టర్ పెట్టి తేదీ, టైము, టేబుల్ నంబర్, ఎవరు చెప్పారు, ఏమైంది, ఒక్కో వరుసలో రాయండి. ‘ఫిర్యాదు వచ్చినా పట్టించుకోలేదు’ అనే మాట మీ మీద రాకుండా కాపాడేది ఆ పుస్తకమే.

టాయిలెట్ మర్చిపోవద్దు. బయట కట్టడి చేస్తే మొదట అక్కడికే చేరతారు. ప్లాస్టిక్ బుట్టలో టిష్యూల మీద పడిన పీక నిప్పుకి దారి. మూత ఉన్న స్టీల్ బిన్ పెట్టండి, రద్దీ టైములో పావుగంటకోసారి మనిషిని పంపండి. గేటు బయట ఇసుక డబ్బా పెట్టాలంటే మీ కాంపౌండ్ గీత దాటి, లోపలికొచ్చేవాళ్లు ఆర్పడానికే అని రాసి పెట్టండి. లోపల పెడితే అది తాగమని పిలిచినట్టే.

స్టాఫ్‌కి కూడా ఇదే రూల్. వెనక మెట్లు, స్టోర్ రూమ్, గ్యాస్ సిలిండర్ల జాగా అన్నీ పనిచోటే. వంట చోట పొగ తాగడాన్ని ఆహార భద్రత నిబంధనల షెడ్యూల్ 4 విడిగా వద్దంటుంది. బ్రేక్‌లో బయటికెళ్లి తాగి వచ్చిన వంటమనిషి ఏప్రాన్ లేకుండా వెళ్లాలి, వచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. స్టాఫ్ వెనక మెట్ల మీద తాగుతుంటే కస్టమర్‌కి చెప్పే నోరు ఉండదు.

ఓరుగల్లు_బార్

కేఓటీ హోల్డ్ మాట పనికొచ్చేది, రేపటి నుంచే చెప్త మా కిచెన్‌కు. సర్వర్ పిలగాని సంగతి కూడా కాదనలేను. కానీ పూర్తిగా తెరిచి ఉన్న డాబా మీద ఐర్లాండ్ లెక్క కొలతతోని ఒప్పుకోవాలె అన్న నా మాట మీద నేనున్న. ఆ కొలత మన రూల్స్‌ల రావాలె, చాటుగ తాగుడు అప్పుడే బందైతది.

డక్ట్_లెక్కలు

రెండో ప్రశ్నకు. మీ హాల్లోకి పొగను లాగుతున్నది వంటింటి ఎగ్జాస్ట్. హుడ్ (పొయ్యి పైన పొగను లాగే గొడుగు) చదరపు అడుగుకు సుమారు 100 సీఎఫ్ఎం చొప్పున 8 × 3.5 అడుగుల హుడ్ అయితే 2,800 సీఎఫ్ఎం బయటికి తోస్తుంది. దానికి జోడీగా తాజా గాలి తెచ్చే ఫ్యాన్ ఉండాలి. కరెంటు కోసమో, పొయ్యి దగ్గర ఉక్కబోస్తుందనో చాలాచోట్ల దాన్ని ఆపేస్తారు. అప్పుడు వంటిల్లు హాల్లోంచి, హాలు మెట్లలోంచి, మెట్లు టెర్రస్ నుంచీ వీధి నుంచీ గాలి లాగుతాయి. స్మోకింగ్ రూమ్ కట్టి ఉంటే దాని పొగ కూడా ఇలాగే హాల్లోకి వచ్చేది, 480 సీఎఫ్ఎం ఫ్యాన్ 2,800 ముందు నిలవదు.

పరీక్ష తేలిక. మెట్ల తలుపు మూసి, కింది సందు దగ్గర వెలిగించిన అగరుబత్తి పట్టుకోండి. హుడ్ ఆన్‌లో ఉన్నప్పుడు పొగ హాల్ లోపలికి వంగి, ఆపగానే నిటారుగా లేస్తే కారణం అదే. తాజా గాలి ఫ్యాన్ హుడ్ తోసే గాలిలో 80 శాతం దాకా తెచ్చేలా చూడండి, రెండూ ఒకే స్విచ్‌తో నడిచేలా వైరింగ్ చేయించండి. మెట్ల తలుపుకి డోర్ క్లోజర్, కింద బ్రష్ సీల్ పెట్టండి. గేటు దగ్గర ఇసుక డబ్బా మెట్ల నోటికి ఎదురుగా కాకుండా పక్కకు జరపండి.

తాగడం ఆపేశాక కూడా కొన్నాళ్లు వాసన ఉంటుంది. అది పాత పొగ, గోడలకూ బట్టలకూ పట్టింది. ఏసీ కాయిల్స్‌ని కాయిల్ క్లీనర్‌తో కడిగించండి, ఫిల్టర్లు మార్చండి, కర్టెన్లు ఉతికించండి. టెర్రస్ మెట్ల దగ్గర ఫాల్స్ సీలింగ్ టైల్స్ పసుపెక్కి ఉంటే మార్చడమే మేలు, కడిగినా పోదు. గోడలకు నేరుగా కొత్త రంగు వేస్తే నెలలోపే పసుపు మరకలు పైకొస్తాయి. ముందు డిటర్జెంట్ నీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, మరకను ఆపే ప్రైమర్ ఒక కోటు వేసి, ఆపైన రంగు వేయించండి.